చూసినది, విన్నది, శంకించినది: బౌద్ధంపై హింసను గురించిన విజ్ఞాన సర్వస్వ వ్యాసాలను తూచే విధానం

ఒక చారిత్రక విషయాన్ని మొదటిసారి తెలుసుకోగోరిన పాఠకుడు నేడు ముందుగా ఆశ్రయించేది విజ్ఞాన సర్వస్వాన్ని. విద్యార్థి వ్రాసే నివేదికకు, పత్రికలో వచ్చే వ్యాసానికి, సభలో వక్త చేసే ప్రసంగానికి తరచుగా ఆధారమయ్యేది అందులోని నాలుగైదు పేరాలే. అందువల్ల అక్కడ దొర్లిన పొరపాటు ఒక్క గ్రంథానికి పరిమితమయ్యేది కాదు; అది అనేక నోళ్ళలో పలికి, చివరకు అందరికీ తెలిసిన సత్యంగా స్థిరపడుతుంది. మతపరమైన హింసకు సంబంధించిన వ్యాసాల విషయంలో ఈ ప్రమాదం మరింత తీవ్రం. అవి ఏనాడో గతించినవారిని గురించి వ్రాసినవే అయినా, వాటిని చదివి పగ పెంచుకొనేవారూ, నిందకు గురయ్యేవారూ నేడు బ్రతికి ఉన్నవారే.

బౌద్ధంపై జరిగిన హింసను వివరించే వ్యాసాలకు ఒక స్థిరమైన రూపం ఏర్పడింది. పుష్యమిత్ర శుంగునితో ఆరంభమై, మిహిరకులుడు, శశాంకుడు, భక్తియార్ ఖిల్జీ వరుసగా వస్తారు. దక్షిణాపథం మాట వచ్చినప్పుడు నాగార్జునకొండ ప్రస్తావన ఉంటుంది. ప్రతి పేరు వెంట ఒక స్థలం, తరచుగా ఒక సంఖ్య, చివరకు ‘ధ్వంసం చేశాడు’ అనే క్రియ. క్రీ.పూ. 2వ శతాబ్దపు సంఘటన, క్రీ.శ. 13వ శతాబ్దపు సంఘటన ఒకే స్వరంతో, ఒకే నిశ్చయంతో చెప్పబడతాయి. దీనికి బదులుగా వ్రాసే వ్యాసాలకూ ఒక స్థిరమైన రూపం ఉంది: ఆధారాలన్నీ కట్టుకథలు, బౌద్ధం తనంతట తానే క్షీణించింది, ఎవరూ ఎవరినీ హింసించలేదు. రెండింటిలోనూ దోషం ఒక్కటే. వేర్వేరు జాతుల సాక్ష్యాలను ఒకే రాశిగా పోసి, ఆ రాశిని మొత్తంగా అంగీకరించడమో, మొత్తంగా త్రోసిపుచ్చడమో జరుగుతున్నది.

సాక్ష్యాలను వేరుచేసి చూసే పద్ధతి బౌద్ధ సంఘానికి కొత్తది కాదు. వర్షావాసం ముగిసిన దినాన జరిగే ప్రవారణలో ప్రతి భిక్షువూ తన దోషాలను చూసినదాన్ని బట్టి గాని, విన్నదాన్ని బట్టి గాని, శంకించినదాన్ని బట్టి గాని చెప్పవలసిందిగా సంఘాన్ని ప్రార్థిస్తాడు. పాళి వినయం వీటినే దిట్ఠం, సుతం, పరిసంకితం అంటుంది. ఎవరైనా మరొకరిపై దోషం మోపితే, నీవు చూసిందేమిటి, ఎలా చూశావు, ఎప్పుడు చూశావు, ఎక్కడ చూశావు అని సంఘం ప్రశ్నిస్తుంది. దబ్బ మల్లపుత్తునిపై వచ్చిన నింద సందర్భంగా ఏర్పడిన 8వ సంఘాదిసేస నియమం, నిరాధారమైన అభియోగాన్నే ఒక గురుతరమైన దోషంగా పరిగణించింది. ఈ మూడు తరగతుల విభజనను చారిత్రక హింసకు సంబంధించిన వ్యాసాలకు అన్వయిస్తే, వాటి బలాబలాలు స్పష్టంగా బయటపడతాయి.

విన్నది: పుష్యమిత్రుని కథ

మౌర్య సేనాని పుష్యమిత్రుడు క్రీ.పూ. 185 ప్రాంతంలో బృహద్రథుని చంపి రాజ్యాన్ని చేజిక్కించుకొన్నాడు. సైన్య ప్రదర్శన నెపంతో ఈ హత్య జరిగినట్టు బాణుని హర్షచరిత్ర పేర్కొంటున్నది. పుష్యమిత్రుడు రెండు అశ్వమేధాలు చేసినట్టు ధనదేవుని అయోధ్య శాసనం చెబుతున్నది. ఇంతవరకు వివాదం లేదు. అతడు బౌద్ధులను హింసించాడన్న కథకు ప్రధాన ఆధారం మాత్రం దివ్యావదానంలో భాగమైన అశోకావదానం. పుష్యమిత్రుడు పాటలీపుత్రంలోని కుక్కుటారామాన్ని కూల్చబోయి సింహగర్జన విని వెనుదిరిగాడనీ, తరువాత సాకల నగరానికి వెళ్ళి, శ్రమణుని తల తెచ్చినవారికి 100 దీనారాలు ఇస్తానని చాటించాడనీ, చివరకు ఒక యక్షుడు అతనిని సైన్యంతో సహా కొండ క్రింద నలిపివేశాడనీ అందులో ఉంది.

విజ్ఞాన సర్వస్వ వ్యాసాలలో సింహగర్జన, యక్షుడు కనిపించరు. 100 దీనారాలు మాత్రం కనిపిస్తాయి. అద్భుతాంశాలను తొలగించి, మిగిలినదాన్ని చరిత్రగా తీసుకోవడం చాలాకాలంగా అలవాటైన పని. అయితే ఆ మిగిలిన భాగమే పరీక్షకు నిలవడం లేదు. దీనారం అన్న పేరు రోమన్ నాణెం పేరు నుంచి సంస్కృతంలోకి వచ్చింది. పుష్యమిత్రుని నాటికి ఆ మాట ఈ దేశంలో వాడుకలో లేదు. కథకుడు తన కాలపు నాణేన్ని గతించిన రాజు చేతిలో పెట్టాడు. అంతేకాదు, ఆ గ్రంథం పుష్యమిత్రుని అశోకుని వంశీయునిగా, మౌర్యులలో చివరివానిగా చెబుతున్నది. మౌర్య వంశాన్ని అంతం చేసిన వ్యక్తిని ఆ వంశంలోనే పుట్టించిన గ్రంథకర్తకు ఆ కాలపు రాజకీయ చరిత్ర సన్నిహితంగా తెలుసునని చెప్పలేము.

మరొక విషయం ఇంతకంటే ముఖ్యమైనది. ఇదే అశోకావదానం అశోకుని గురించి కూడా ఇటువంటి కథనే చెబుతున్నది. బుద్ధుడు నిర్గ్రంథుని పాదాలకు నమస్కరిస్తున్నట్టు ఎవరో చిత్రం గీశారన్న కోపంతో, బౌద్ధం స్వీకరించిన తరువాతనే, అశోకుడు పుండ్రవర్ధనంలో ఒక్క దినాన 18,000 మంది ఆజీవికులను చంపించాడట. పాటలీపుత్రంలో నిర్గ్రంథుని తల తెచ్చినవారికి ఒక దీనారం ప్రకటించాడట. ఆ వెలకు ఆశపడిన ఒకడు అశోకుని సోదరుడు వీతశోకుని నిర్గ్రంథుడని పొరబడి తల నరికి తెచ్చాడట. తలకు వెల కట్టడమన్నది ఆ గ్రంథంలో క్రూరత్వాన్ని వర్ణించే ఒక కథాంశమని దీనివల్ల విదితమౌతుంది.

బౌద్ధంపై హింసను గురించిన వ్యాసంలో 100 దీనారాల కథ ఉండి, అశోకుని గురించిన వ్యాసంలో 18,000 మంది ఆజీవికుల కథ కట్టుకథగా కొట్టివేయబడితే, ఆ రెండింటినీ తూచిన త్రాసు ఒక్కటి కాదన్నమాట. అశోకుని విషయంలో ఆ కథను తూచడానికి అతని శాసనాలున్నాయి. అన్ని పాషండాలనూ గౌరవించాలని 12వ శిలాశాసనం చెబుతున్నది. బరాబర్ గుహలు ఆజీవికులకు దానమైనట్టు అక్కడి శాసనాలే చెబుతున్నాయి. పుష్యమిత్రునికి అటువంటి స్వీయ సాక్ష్యం దక్కలేదు. అతని పక్షాన మాట్లాడే శాసనం లేకపోవడాన్ని అతనిపై సాక్ష్యంగా తీసుకోవడం న్యాయం కాదు.

నేల ఏమి చెబుతున్నదో కూడా చూడాలి. భర్హుత్ తూర్పు తోరణాన్ని శుంగుల రాజ్యకాలంలో ధనభూతి చేయించినట్టు అక్కడి శాసనాన్ని సాధారణంగా అర్థం చేసుకొంటారు. సాంచిలో అశోకుని నాటి ఇటుక స్తూపం క్రీ.పూ. 2వ శతాబ్దంలో రాతి కప్పుతో దాదాపు రెండింతలుగా పెరిగింది. అయితే ఇటుక స్తూపం అంతకుముందు దెబ్బతిన్నదని జాన్ మార్షల్ గుర్తించి, అందుకు పుష్యమిత్రుడు కారకుడై ఉండవచ్చునని ఊహించాడు. దెబ్బ కంటికి కనిపించేది. కారకుడు ఊహకు అందినవాడు. ఒక వంశం కాలంలో దానాలు జరిగాయన్నంత మాత్రాన ఆ వంశపు మొదటి రాజు దయాళువని కూడా తేలదు. దాతలలో అధికులు వర్తకులు, ఉపాసకులు, భిక్షువులు, భిక్షుణులు. ఎతియెన్ లామొట్ 1958లో వెలువరించిన భారతీయ బౌద్ధ చరిత్రలో, నిరూపణ చాలనందున పుష్యమిత్రుని విడిచిపెట్టక తప్పదన్న అభిప్రాయం వెలిబుచ్చాడు. అది న్యాయస్థానపు భాష. నిరూపణ చాలకపోవడం వేరు, నిర్దోషిత్వం తేలడం వేరు. మౌర్యుల అనంతరం రాజాశ్రయం తగ్గినప్పుడు సంఘం అనుభవించిన కష్టానికి ఈ కథ ఒక జ్ఞాపకరూపం కావచ్చు. జ్ఞాపకంగా దానికి విలువ ఉంది. సంఖ్యకు, తేదీకి అది సాక్షి కాజాలదు.

చూసినదీ, విన్నదీ కలిసినప్పుడు: హ్యూయన్ త్సాంగ్

మిహిరకులుని విషయంలో ప్రధాన సాక్షి క్రీ.శ. 7వ శతాబ్దంలో ఈ దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్. మిహిరకులుడు గాంధారంలో 1,600 స్తూపాలను, సంఘారామాలను నాశనం చేశాడని అతడు వ్రాశాడు. ఇక్కడ ఒకే వ్యక్తి రచనలో రెండు తరగతుల సాక్ష్యం కలిసిపోయింది. గాంధారంలో విహారాలు పాడుపడి, పొదలు మొలిచి ఉండడం అతడు స్వయంగా చూసినది. వాటిని పాడుచేసినవాడెవరన్నది అతడు విన్నది. హూణరాజైన మిహిరకులుడు హ్యూయన్ త్సాంగ్ రాకకు సుమారు 100 ఏళ్ళ ముందటివాడు. ఆ యాత్రికుడేమో అతనిని కొన్ని శతాబ్దాల క్రిందటివానిగా చెబుతున్నాడు. అంటే ఆ కథ అప్పటికే కాలం పట్టు విడిచి, పురాణ గాథగా మారుతున్నది.

అయినంత మాత్రాన దాన్ని త్రోసిపుచ్చడానికి వీలులేదు. మిహిరకులుని క్రూరత్వాన్ని 12వ శతాబ్దంలో కల్హణుడు రాజతరంగిణిలో వర్ణించాడు. కల్హణుడు బౌద్ధ పక్షంవాడు కాడు. స్థాణువునకు తప్ప అన్యులకు తల వంచని వానిగా యశోధర్ముని మందసోర్ శాసనం మిహిరకులుని పేర్కొంటున్నది. తక్షశిల విహారాల తవ్వకాలలో మార్షల్‌కు కాలిన పొరలు, మానవ అస్థిపంజరాలు, హూణుల వెండి నాణేలు లభించాయి. ఇన్ని వైపుల నుంచి వచ్చిన సాక్ష్యం పుష్యమిత్రుని విషయంలో లేదు. మరోవైపు, గాంధార బౌద్ధ క్షీణతకు హూణుల దాడియే ఏకైక కారణమన్న అభిప్రాయాన్ని జపాన్ పండితుడు కువయామ షోషిన్ వంటివారు ప్రశ్నించారు. కాబట్టి ఇక్కడ చెప్పదగిన మాట: దాడులు జరిగాయనడానికి గట్టి ఆధారాలున్నాయి, 1,600 అన్న సంఖ్య గణన కాదు, గాంధారం మొత్తం ఒక్క వ్యక్తి చేతిలో పాడైపోయిందనడం అతిశయోక్తి.

శశాంకుని ఉదంతం ఇంకా సున్నితమైనది. గౌడ రాజైన అతడు బోధివృక్షాన్ని నరికించి, బోధగయలోని బుద్ధ ప్రతిమ స్థానంలో మహేశ్వరుని ప్రతిమను నిలుపమన్నాడనీ, ఆ పనికి నియుక్తుడైన అధికారి పాపభీతితో ప్రతిమ ముందు ఇటుక గోడ కట్టి, దానిపై మహేశ్వరుని రూపం వేయించాడనీ, శశాంకుడు రోగగ్రస్తుడై చనిపోయాడనీ హ్యూయన్ త్సాంగ్ కథనం. సంఘటనకూ యాత్రికుని రాకకూ మధ్య కొద్ది దశాబ్దాలే ఉన్నాయి. ఆ స్థలాన్ని అతడు దర్శించాడు. ఇది విన్నదే అయినా దగ్గర నుంచి విన్నది. ఆ లెక్కన పుష్యమిత్రుని కథ కంటే దీని బరువు ఎక్కువ.

అయితే ఆ యాత్రికుడు శశాంకుని శత్రువైన హర్షుని ఆదరం పొందినవాడు. అతని కథనం ప్రకారమే, బౌద్ధం స్వీకరించక ముందు అశోకుడు కూడా బోధివృక్షాన్ని నరికించాడు. శశాంకుని రాజధాని కర్ణసువర్ణంలో 10కి పైగా సంఘారామాలు, 2,000కు పైగా భిక్షువులు ఉన్నారని వ్రాసినవాడూ అతడే. అక్కడి రక్తమృత్తికా మహావిహారం ఉనికిని పశ్చిమ బెంగాల్‌లోని రాజబాడిడాంగా తవ్వకాలలో లభించిన ముద్రిక ధ్రువపరచింది. బోధగయపై దాడి చేసిన రాజు, తన రాజధానిలో విహారాలను ఉండనిచ్చిన రాజు ఒక్కడే అయినప్పుడు, దాడికి మత ద్వేషం ఒక్కటే కారణమా, మగధపై ఆధిపత్యం కోసం జరిగిన పోరులో పూజ్యస్థలం కూడా లక్ష్యమయ్యిందా అన్న ప్రశ్న తలెత్తుతుంది. విజ్ఞాన సర్వస్వ వ్యాసం ఈ రెండు వాక్యాలనూ ప్రక్కప్రక్కన ఉంచాలి. బోధివృక్షాన్ని మాత్రమే ఉంచినా, కర్ణసువర్ణాన్ని మాత్రమే ఉంచినా అది ఒకే సాక్షి మాటను సగానికి నరకడమే అవుతుంది.

చూసినది: నాలందాలో ఒక వృద్ధ గురువు

నాలందాను భక్తియార్ ఖిల్జీ తగులబెట్టాడన్న వాక్యానికి అత్యధిక వ్యాసాలలో ఆధారంగా చూపేది మిన్హాజ్-ఇ-సిరాజ్ రచించిన తబకాత్-ఇ-నాసిరీని. 1260 ప్రాంతంలో పూర్తయిన ఆ గ్రంథంలో, ఖిల్జీ 200 మంది రౌతులతో బీహార్ కోటపై పడ్డాడనీ, అక్కడి తలలు గొరిగించుకొన్నవారందరూ చంపబడ్డారనీ, దొరికిన పుస్తకాలను చదివి చెప్పడానికి ఎవరూ మిగలలేదనీ, ఆ నగరమంతా ఒక విద్యాలయమని తరువాత తెలిసిందనీ ఉంది. మిన్హాజ్ స్వయంగా చూసినవాడు కాడు. ఆ దాడిలో పాల్గొన్న ఫర్గానా సోదరులు ఇద్దరిలో ఒకడైన సంసాముద్దీన్ 1243 ప్రాంతంలో లఖ్నవతిలో అతనికి ఈ సంగతి చెప్పాడు. అంటే ఇది చేసినవారి పక్షం నుంచే విన్నది. దాడిని అంగీకరించే విషయంలో దీని విలువ మిక్కిలి ఎక్కువ. అయితే ఆ కథనంలో నాలందా పేరు లేదు. ఆ కోటను పండితులు సాధారణంగా నేటి బీహార్ షరీఫ్ వద్ద ఉన్న ఓదంతపురి మహావిహారంగా గుర్తిస్తారు. అక్కడ జరిగిన సంహారాన్ని నాలందా పేరున వ్రాసినప్పుడు, ఓదంతపురి భిక్షువులు తమ మరణాన్ని సైతం కోల్పోతున్నారు.

నాలందాను గురించి చూసినవాని సాక్ష్యం ఒకటి ఉంది. టిబెట్ భిక్షువు ధర్మస్వామి 1234-36 మధ్య మగధలో సంచరించాడు. అతని జీవిత కథను శిష్యుడు వ్రాయగా, జార్జ్ రోరిక్ ఆంగ్లానువాదంతో అది 1959లో పాట్నాలో వెలువడింది. ధర్మస్వామి చూసిన నాలందా దెబ్బతిని, చాలామటుకు నిర్జనంగా ఉంది. వాసయోగ్యమైన విహారాలు రెండే. అక్కడ 90 ఏళ్ళు దాటిన రాహుల శ్రీభద్రుడు సుమారు 70 మంది శిష్యులకు పాఠం చెబుతున్నాడు. ఆ గురువును పోషిస్తున్నది ఓదంతపురికి చెందిన జయదేవుడనే బ్రాహ్మణ ఉపాసకుడు. తురుష్క సైనికాధికారి ఆ జయదేవుని బంధించాడు. సైనికులు నాలందాపై రానున్నారని అతడు చెరలో నుంచే కబురు పంపాడు. శిష్యులు చెదిరిపోయారు. గురువు కదలలేని స్థితిలో ఉండగా ధర్మస్వామి అతనిని వీపున మోసుకొని, కొద్దిగా బియ్యం, కొన్ని గ్రంథాలు తీసుకొని సమీపంలోని ఒక ఆలయంలో దాచాడు. సుమారు 300 మంది సైనికులు వచ్చి, ఎవరూ కనిపించక వెనుదిరిగారు.

ఈ ఒక్క సాక్ష్యం రెండు స్థిర రూపాలనూ సరిదిద్దుతున్నది. ఒక్క రోజున, ఒక్క నిప్పుతో నాలందా అంతమైందన్న మాట దీనితో పొసగదు; ఖిల్జీ దాడి జరిగి మూడు దశాబ్దాలు దాటినా అక్కడ పాఠం సాగుతూనే ఉంది. హింస జరగలేదన్న మాట కూడా పొసగదు. 90 ఏళ్ళ గురువు సైనికుల భయంతో శిష్యుని వీపున పారిపోవలసి వచ్చింది. అదే ధర్మస్వామి బోధగయలో నలుగురు భిక్షువులను మాత్రమే చూశాడు. అక్కడి ప్రతిమను కాపాడటానికి ముందు ఇటుక గోడ కట్టి, వెలుపల మహేశ్వరుని రూపం గీశారని చెప్పాడు. శశాంకుని కథలోని గోడ, రూపం 600 ఏళ్ళ తరువాత మరొకసారి, రక్షణోపాయంగా కనిపించడం గమనార్హం. పాత కథ నుంచి ఈ ఉపాయం నేర్చారా, ఆ స్థలంలో అటువంటి రక్షణ పూర్వం నుంచే వాడుకలో ఉందా అన్నది పరిశోధకులు ఆలోచించదగినది.

నాలందా గ్రంథాలయాన్ని ఇద్దరు తైర్థిక సన్యాసులు మంత్రబలంతో కాల్చారన్న కథ 18వ శతాబ్దపు టిబెట్ గ్రంథమైన పగ్-సం-జోన్-జంగ్‌లో ఉంది. ఖిల్జీని నిర్దోషిగా చూపగోరేవారు కొందరు దీన్ని ముందుకు తెస్తారు. సంఘటన జరిగిందనుకొన్న కాలానికి అనేక శతాబ్దాల దూరంలో, అద్భుతాంశాలతో కూడి ఉన్న ఈ కథ పుష్యమిత్రుని కథ వంటిదే. అక్కడ నిరాకరించినవారు ఇక్కడ అంగీకరించడం కుదరదు. నాలందాలో కాలిన పొర కనిపించినచోటల్లా 12వ శతాబ్దపు దాడినే చదవడం కూడా తగదు. మహీపాలుని 11వ రాజ్యవర్షపు శాసనం, అగ్నిప్రమాదానికి గురైన ఆలయాన్ని బాలాదిత్యుడు పునరుద్ధరించినట్టు చెబుతున్నది. మహావిహారం అంతకుముందు కూడా నిప్పును చూసింది, కోలుకొన్నది.

శంకించినది: కృష్ణాతీరపు శిథిలాలు

ఉత్తరాదిన గ్రంథాలు ఉండి నేల తక్కువగా పలికితే, కృష్ణాతీరంలో నేల ఉండి గ్రంథాలు తక్కువ. 1927-31 మధ్య నాగార్జునకొండలో తవ్వకాలు జరిపిన ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ అక్కడి కట్టడాల స్థితి చూసి దిగ్భ్రాంతి చెందాడు. నిధుల వేటగాళ్ళు మాత్రమే ఇంతటి విధ్వంసం చేయలేరని భావించి, శంకరాచార్యుడు శిష్యగణంతో వచ్చి వాటిని కూల్చాడన్న స్థానిక ఐతిహ్యాన్ని నమోదు చేశాడు. 1938లో ప్రచురితమైన అతని నివేదికలోని ఆ వాక్యాలే అప్పటి నుంచి అనేక వ్యాసాలలో చేరుతూ వస్తున్నాయి.

ఇక్కడ చూసినది ఒకటే: విరిగిన స్తంభాలు, చెదిరిన ఫలకాలు. మిగిలినది శంక, ఐతిహ్యం. విజయపురి ఇక్ష్వాకుల పాలనలో 3, 4 శతాబ్దాలలో వెలిగి, వారి పతనంతో ప్రాభవం కోల్పోయింది. శంకరాచార్యుని సాధారణంగా 8వ శతాబ్దం వానిగా పరిగణిస్తారు. మధ్యనున్న నాలుగు శతాబ్దాలు ఆ ఐతిహ్యానికి పెద్ద అడ్డంకి. పైగా అదే లోయలో అశ్వమేధం చేసిన శాంతమూలుని సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి ప్రధాన దాత్రి. 1954-60 తవ్వకాలలో కార్తికేయాది దేవతల ఆలయాలూ విహారాల ప్రక్కనే బయల్పడ్డాయి. వైదిక దేవతల ఆలయాలూ పాడుపడిన ఆ లోయలో, బౌద్ధ కట్టడాల శిథిలత్వానికి మాత్రమే ప్రత్యేక కారణం వెతకడం సరికాదు. ఆ లోయ నేడు నాగార్జునసాగర్ జలాశయం క్రింద ఉంది. మళ్ళీ తవ్వి తేల్చుకొనే అవకాశం లేనందున, శంకను శంకగానే మిగల్చడం మరింత అవసరం.

అమరావతి విషయంలో విధ్వంసకుడు ఎవరన్నది శంకకు తావు లేనంతగా నమోదై ఉంది. 18వ శతాబ్దపు చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతి పట్టణ నిర్మాణానికి పూనుకొన్నప్పుడు, దీపాలదిన్నె ఇటుకకూ రాతికీ గనిగా మారింది. 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేనాటికే తవ్వకం సాగుతున్నది; 1816లో అతడు తిరిగి వచ్చేసరికి దిన్నె మధ్యభాగం చెరువుగా మారింది. చలువరాతి ఫలకాలు కొన్ని సున్నపు బట్టీలకు వెళ్ళాయి. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో మిగిలినదంతా తవ్వి తీయడం వల్ల స్తూపపు అమరికే చెదిరిపోయింది. ఇందులో మత ద్వేషం లేదు. నష్టం మాత్రం అపారం. విధ్వంసం కనిపించిన చోటల్లా మతహింసను ఊహించేవారికి అమరావతి ఒక హెచ్చరిక.

అమరావతిలో ఆరాధన ఎంతకాలం సాగిందో కూడా శాసనాలు చెబుతున్నాయి. అమరేశ్వరాలయంలోని 1182 నాటి శాసనంలో కోట కేతరాజు బుద్ధునికి గ్రామాలను, దీపాలను సమర్పించాడు. 1344 నాటి శ్రీలంక గడలదెణియ శాసనం ప్రకారం ధర్మకీర్తి స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడు. అయితే ఇదే డెల్టాలో ఇంచుమించు అదే శతాబ్దానికి చెందిన మరొక కథ ఉంది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో, చందవోలులో వెలనాటి ప్రభువు ఎదుట మల్లికార్జున పండితారాధ్యుడు బౌద్ధాచార్యునితో వాదించడం, ఆ బౌద్ధాచార్యుడు పండితారాధ్యుని శిష్యుల చేతిలో హతుడవడం, అందుకు రాజు పండితారాధ్యుని కన్నులు తీయించడం, శివకృపతో అవి తిరిగి రావడం వర్ణితమయ్యాయి. హత్యను విజయంగా చెప్పుకొన్న సంప్రదాయమే దాన్ని నమోదు చేసింది. ఇది తరువాతి కవి విన్నది, అద్భుతాలతో కూడినది. అయినా పరమత ఆచార్యుని వధను భక్తికార్యంగా ఊహించగల వాతావరణం ఆనాడు ఉండేదని అది నిస్సందేహంగా చూపుతుంది. ఆ వధను రాజు శిక్షార్హమైన నేరంగా చూశాడన్న అంశమూ ఆ కథలోనే ఉంది. కేతరాజు దీపాన్ని మాత్రమే పేర్కొని సామరస్యమని, చందవోలు వధను మాత్రమే పేర్కొని ద్వేషమని వ్రాసిన వ్యాసాలు రెండూ సగం సగం వ్యాసాలే.

స్వపక్షాన్ని తూచడం

ఈ త్రాసును బౌద్ధ గ్రంథాల ఎదుట కూడా నిలపాలి. ఎళారునితో యుద్ధం ముగిసిన తరువాత పశ్చాత్తాపపడిన దుట్ఠగామణిని అరహంతులు ఓదారుస్తూ, చనిపోయినవారిలో మనుషులుగా లెక్కకు వచ్చేవారు ఒకటిన్నర మంది మాత్రమేనని చెప్పినట్టు మహావంసం పేర్కొంటున్నది. మహాసేన రాజు కాలంలో మహావిహార భిక్షువులు తొమ్మిదేళ్ళు తమ నివాసాన్ని విడిచి ఉండవలసి వచ్చిందనీ, ఏడంతస్తుల లోహప్రాసాదం కూల్చబడి ఆ సామగ్రి అభయగిరికి తరలిందనీ ఆ గ్రంథమే చెబుతున్నది. అక్కడ కూల్చినవారూ, కోల్పోయినవారూ బౌద్ధులే. మహావంసం మహావిహార పక్షపు రచన కనుక ఈ కథనాన్నీ ఆ ఎరుకతోనే చదవాలి. చారిత్రక మతహింసను వర్ణించే వ్యాసంలో బౌద్ధులు ఎల్లప్పుడూ బాధితులుగా మాత్రమే కనిపిస్తే, ఆ వ్యాసం చరిత్రను గాక ఒక పక్షాన్ని ఆశ్రయించిందని గ్రహించాలి.

న్యాయమైన వాక్యం

పై ఉదాహరణలను బట్టి, అటువంటి వ్యాసాన్ని పరీక్షించేవారు ప్రతి వాక్యం వద్ద ఆగి నాలుగు విషయాలు చూడాలి. ఆ మాట ఎవరిది, సంఘటనకు ఎంతకాలం తరువాతిది అన్నది మొదటిది. చెప్పినవాడు బాధితుల పక్షమా, చేసినవారి పక్షమా, మూడవ పక్షమా అన్నది రెండవది. నేల చూపుతున్నది నష్టాన్నా, కారకుణ్ణా అన్నది మూడవది; తవ్వకం నష్టాన్ని చూపినంత సులభంగా కారకుని పేరు చెప్పదు. ఇదే ప్రమాణం అదే గ్రంథంలోని ఇతర కథలకూ వర్తించిందా అన్నది నాలుగవది.

ఈ పరీక్షకు నిలిచే వాక్యం పొడవుగా ఉంటుంది. ‘పుష్యమిత్రుడు భిక్షువుల తలలకు వెల కట్టాడు’ అన్నదానికి బదులు, ‘పుష్యమిత్రుడు భిక్షువుల తలలకు వెల కట్టినట్టు కొన్ని శతాబ్దాల తరువాతి అశోకావదానం చెబుతున్నది, అదే గ్రంథం అశోకుని గురించి కూడా ఇటువంటి కథ చెబుతున్నది, సమకాలీన ఆధారం లేదు’ అని వ్రాయవలసి వస్తుంది. విజ్ఞాన సర్వస్వంలో చోటు తక్కువన్న మాట నిజమే. అయినా సంక్షేపం కోసం వదలవలసినది విశేషణాలను గాని, సాక్షి పేరును కాదు. వాక్యం నుంచి సాక్షి తొలగిన క్షణాన విన్నది చూసినదిగా, శంకించినది జరిగినదిగా మారిపోతాయి.

ఈ జాగ్రత్త వల్ల బాధితులకు అన్యాయం జరుగుతుందన్న భయం అక్కరలేదు. 1,600, 18,000 వంటి సంఖ్యలు పక్కకు తొలగినప్పుడు నిజంగా సాక్ష్యం ఉన్నవారు ముందుకు వస్తారు: పుస్తకాలు మిగిలి, వాటిని చదవగలవారు మిగలని ఓదంతపురి, చెర నుంచి కబురు పంపిన బ్రాహ్మణ ఉపాసకుడు జయదేవుడు, శిష్యుని వీపున దాగిన రాహుల శ్రీభద్రుడు. సైనికులు వెళ్ళిపోయిన తరువాత ఆ గురువు నాలందాకు తిరిగి వచ్చి పాఠం కొనసాగించాడు. నాలందా అంతాన్ని వర్ణించే వ్యాసాలు సాధారణంగా మంటల వద్ద ముగుస్తాయి. న్యాయంగా వ్రాసినది ఆ 70 మంది శిష్యుల పాఠాన్ని కూడా నమోదు చేస్తుంది.